కంచుగిరి కోటలో పలకని చిలుకలు

పిల్లలూ, కంచుగిరి కోట తలుపులకు గడియలు ఉండేవి కావు, తాళాలూ ఉండేవి కావు. ప్రతి తలుపు మీదా, ప్రతి దీపం పక్కనా, ప్రతి నీటి తూము దగ్గరా ఒక కంచుచిలుక కూర్చుని ఉండేది. వాటన్నిటికీ పెద్దదైన తల్లిచిలుక సింహాసనం వెనుక ఉండేది. రాజు ధీరసేనుడు "భోజనశాల తలుపు" అంటే చాలు, తల్లిచిలుక ఆ మాట పక్క చిలుకకు చెప్పేది, అది తన పక్కదానికి చెప్పేది. అలా మాట ఒక చిలుక నుంచి ఇంకో చిలుకకు పాకిపోయి, అక్కడెక్కడో భోజనశాల తలుపు తెరుచుకునేది. పూర్వం ఒక యక్షిణి ముచ్చటపడి కట్టిన కోట అది. ఆ సుఖం మరిగి, కోటలోని వాళ్ళు చేత్తో తలుపు తోయడమే మరిచిపోయారు.

ఒకనాడు భూమి కంపించింది. కొన్ని చిలుకలు కిందపడి ముక్కలయ్యాయి. అదే రోజు రాణి తారావళి కన్నుమూసింది. రాజు దుఃఖంతో వెర్రెత్తినట్టయి, "నా కోటలో ఎవరూ చనిపోలేదు! చనిపోయారన్న మాట ఎవరి నోట వచ్చినా సభామంటపం కాచే గడపభూతం మింగేస్తుంది!" అని చాటింపు వేయించాడు. విరిగిన చిలుకలను గోనెసంచిలో కుక్కి సింహాసనం కిందికి తోసి, వాటి చోట కొత్తవి పెట్టించాడు.

కానీ పాతవి పోయాయని తల్లిచిలుకకు ఎవరు చెప్పాలి? చెబితే భూతం ఊరుకుంటుందా? పాపం అది ఏ పని చెప్పినా ముందు పాత చిలుకలను పేరుపేరునా పిలిచేది, జవాబు కోసం ఎదురుచూసేది, మళ్ళీ పిలిచేది. రెప్పపాటులో తెరుచుకునే తలుపులకు కుండెడు అన్నం ఉడికేంత సేపు పట్టసాగింది. చివరికి ఒక మధ్యాహ్నం తలుపులన్నీ మూసుకుపోయి, ఇక తెరుచుకోలేదు.

ఎక్కడివాళ్ళు అక్కడే చిక్కుకున్నారు. మంత్రి ఊరగాయల గదిలో, రాజు స్నానశాలలో. పైగా రాజుగారి తలనిండా కుంకుడు పులుసు! నవ్వకండి. జలశాలలో నీళ్ళు తోడే సన్యాసమ్మకు అది నవ్వులాట కాదు. ఏటి నీరు లోపలికి వచ్చే తూము తెరుచుకునే ఉండిపోయింది. బయటికి వచ్చే తలుపు మాత్రం బిగుసుకుపోయింది.

తలుపులు మూసుకునే ముందే అంబలి ముంత పట్టుకుని బయటి వసారాలోకి వచ్చిన ఆమె కూతురు నూకాలు తలుపు బాదింది.

"అమ్మా! ఉన్నావా?"

"ఉన్నానే. నీళ్ళు మోకాలు దాటాయి. నువ్వు భయపడకు" అంది సన్యాసమ్మ.

"ఏటి భయపడకు? నేను తల్లిచిలుక దగ్గరికి పోయి వస్తాను. నేనొచ్చేదాకా నువ్వు తొట్టి ఎక్కి నిలబడు!"

వెళ్దామంటే ఆ వసారాకు అటూ ఇటూ మూసుకుపోయిన తలుపులే. గోడ మొదట్లో మురుగు తూము ఒకటి కనబడింది. నూకాలు అందులో దూరింది. కొంత దూరం పాకేసరికి భుజాలు ఇరుక్కున్నాయి. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. చీకటి, బురద, పైన కోటంత బరువు. ఏడుపు వచ్చింది, ఏడిచింది. ఏడ్చి ఏడ్చి ఊపిరంతా బయటికి పోయినప్పుడు ఒళ్ళు కాస్త సన్నబడినట్టయి, భుజం జారింది. ఆ పట్టున మోచేతులు గీరుకుపోతున్నా లెక్కచేయక పాకి, తలుపు లేని సభామంటపం గుమ్మం ముందు తేలింది.

గడప మీద నల్లగా, గుమ్మమంత భూతం కూర్చుని ఉంది.

"ఎవరు చచ్చారని చెప్పడానికి వచ్చావే, బురదపిల్లా?" అని నోరు తెరిచింది.

నూకాలుకు నాయనమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. సగం దారిలో పాడె దించి, నాన్న ఆమె చెవిలో ముమ్మారు పిలిచాడు. దింపుడు కళ్ళం అంటారు దాన్ని. పలుకుతుందేమోనన్న చివరి ఆశ అది. ఆమె పలకలేదు గనకే మళ్ళీ భుజాలకెత్తుకున్నారు.

"చచ్చారని నేనెందుకు అంటాను? పిలవడానికి వచ్చాను. పిలవకూడదని రాజుగారు చాటించారా?"

భూతం బుర్ర గోక్కుంది. అలాంటి ఆజ్ఞ ఏదీ దానికి గుర్తు రాలేదు. పక్కకు జరిగింది.

లోపల తల్లిచిలుక బొంగురుపోయిన గొంతుతో పిలుస్తూనే ఉంది. "మరకతం... పగడం... చినుకూ..."

"ఎందుకమ్మా అలా పిలుస్తావు?" అంది నూకాలు.

"నా పిల్లలు పలికేదాకా పిలవాలి కదా! పోయారని ఎవరూ చెప్పలేదు, వాళ్ళకు ఎవరూ దింపుడు కళ్ళమూ చేయలేదు. అది జరగందే నేను ఎవరినీ విడవలేను, తల్లీ."

నూకాలు సింహాసనం కింద కనబడిన సంచి లాగి ముక్కలు జాగ్రత్తగా నేల మీద పేర్చింది. మరకతం చెవి దగ్గర వంగి ముమ్మారు పిలిచింది. జవాబు లేదు. తల్లిచిలుక కళ్ళు మూసుకుంది, ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. ఎక్కడో ఒక తలుపు కిర్రుమంది. పగడాన్ని పిలిచింది. జవాబు లేదు. ఇంకో తలుపు తెరుచుకుంది. ఒక్కొక్క పేరే రాలిపోతుంటే కోట ఊపిరి పీల్చుకోసాగింది.

చివరికి మిగిలింది జలశాల చిలుక చినుకు. దానికి ఒక రెక్క మాత్రమే విరిగింది.

"చినుకూ! చినుకూ! చినుకూ!"

"ఉన్నాను" అంది చిలుక, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "రోజూ ఉన్నాను అంటూనే ఉన్నాను. సంచిలోంచి ఎవరికీ వినబడలేదు."

"పలికినదాన్ని విడవలేను" అంది తల్లిచిలుక. "అది ఉండగా జలశాల తలుపు కొత్త చిలుక మాట వినదు."

భూతం వెనుక నుంచి తల దూర్చింది. "రాయి తీసుకుని ఒక్కటి వెయ్యి. పలకడం మానేస్తుంది. మీ అమ్మకు నీళ్ళు గొంతుదాకా వచ్చి ఉంటాయి."

నూకాలు నిజంగానే రాయి తీసింది. అమ్మ కోసం ఆ క్షణంలో దేన్నైనా పగలగొట్టేదే. కానీ చిలుక మళ్ళీ "ఉన్నాను" అంది. తలుపవతల అమ్మ అన్న మాటే అది. నూకాలు రాయి పారేసి, చినుకును ఓణీలో చుట్టుకుని, తెరుచుకున్న తలుపుల గుండా పరుగెత్తింది.

జలశాల ముందు గొంతు చించుకుని పిలిస్తే ఈసారి అమ్మ జవాబు రాలేదు. నూకాలు కొత్త చిలుకను పీకేసి, చినుకును దాని పాత చోట కూర్చోబెట్టింది.

"తలుపు, చినుకూ! తూము మూసెయ్!"

తలుపు భళ్ళున తెరుచుకుంది. నీళ్ళతోపాటు సన్యాసమ్మ కొట్టుకువచ్చింది. నూకాలు ఆమె చెవిలో పిలిచింది. ఒకసారి... రెండోసారి... మూడోసారి పిలవడానికి నోరు రాలేదు.

సన్యాసమ్మ దగ్గి, "ఉన్నానే" అంది.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని వసారాలో నడిచేసరికి జనమంతా సింహద్వారం దగ్గర గుమిగూడి ఉన్నారు. అన్ని తలుపులూ తెరుచుకున్నా అదొక్కటే తెరుచుకోలేదు. లోపల తల్లిచిలుక ఇంకా ఒక పేరు పిలుస్తూనే ఉంది. "రాణీ తారావళీ..."

తల మీద కుంకుడు నురగ ఎండిన రాజు ఆ పేరు విని గోడకు ఆనుకున్నాడు. గుట్టుగా మోయించిన రాణి పాడెను ఆయన దారిలో దింపనివ్వలేదు.

"ఆమెను మీరే పిలవాలి దొరా" అంది నూకాలు.

"పిలిస్తే పలకకపోతే?"

"మా నాన్న కూడా అదే అన్నాడు. అయినా పిలిచాడు దొరా."

రాజు రాణి గదిలోకి వెళ్ళి, ఆమె పడుకునే మంచం పక్కన మోకరించాడు. ముమ్మారు పిలిచాడు. కోటంతా చెవులు రిక్కించి వింది. ఎవరూ పలకలేదు. తల్లిచిలుక నోరు మూసుకుంది. గడపభూతం పొగలా కరిగిపోయింది. సింహద్వారం తెరుచుకుని ఎండ లోపలికి వచ్చింది.

రాజు కళ్ళు ఎర్రగా ఉండటం చూసి, కుంకుడు పులుసు పడిందని అందరూ అనుకున్నారు. ఆయన అలాగే అనుకోనిచ్చాడు.

ఏం కావాలో కోరుకోమంటే నూకాలు, ప్రతి తలుపుకూ లోపలి నుంచి చేత్తో తీసుకునే గడియ పెట్టించమంది. రాజు గడియలు పెట్టించాడు, ఆమెను చిలుకలన్నిటికీ పెద్దను చేశాడు. ఆ తర్వాత కంచుగిరిలో పోయినవాళ్ళను పిలిచి, ఏడిచి, సాగనంపారు. ఉన్నవాళ్ళను మాత్రం రోజూ పొద్దున్నే నూకాలు పేరుపేరునా పలకరించేది. అందరికంటే ముందు పలికేది ఒంటిరెక్క చినుకే.