కుట్టుమిషను ఆగిన చోట

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ముందుగదిలో కుట్టుమిషను టకటకలాడుతోంది. ఇల్లాలు తన భర్త నల్లకోటు నడుం దగ్గర కుట్లు విప్పి, రెండు పక్కలా వేలెడు గుడ్డ అతుకుతోంది. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ కోటుతోనే స్టేజీ ఎక్కుతున్నాడు. ఆరేళ్లుగా ఆ కోటు ఆయనకి తెలియకుండా పెరుగుతూనే ఉంది. ఆయన మాత్రం అద్దం ముందు నిలబడి, "చూశావా, కుర్రతనంలో కుట్టించిన కోటు, ఇప్పటికీ అతికినట్టు సరిపోతోంది" అని మురిసిపోతాడు. ఆవిడ "అవునండీ" అంటుంది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు.

అభిమానులు ఆయనకి పెట్టుకున్న పేరు ఉరుము. రాక్ పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, గిటారు భుజాన వేసుకుని పాడతాడు. ఒకప్పుడు ఆయన పాట నోటికి రాని కాలేజీ కుర్రాడు ఉండేవాడు కాదు. ఆ కుర్రాళ్లకి ఇప్పుడు బట్టతలలొచ్చాయి. వాళ్లంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పద్నాలుగు వేల మంది ఉన్నారు. ఆ రోజు పదింటికి అందులో చర్చ ఉంది. విషయం ఒక్కటే: "ఉరుము ఇక పాటలు ఆపేయాలా?"

ఆయన ఏదో దొంగపేరుతో ఆ గ్రూపులో చేరి, ఫోనుకి పాత స్పీకరు తగిలించి టీపాయ్ మీద పెట్టాడు. కూతురు చెప్పులేసుకుని గుమ్మం దాటబోతోంది.

"ఎక్కడికి?"

"పాలు తెస్తాను నాన్నా."

"పాలు ఎక్కడికీ పారిపోవు. కూర్చో. నువ్వూ విను. వాళ్లు ఆపేయమంటే ఈ రోజే గిటారు అటకెక్కిస్తాను. కొత్త పాటలూ లేవు, ఏమీ లేవు. ఒట్టు."

కూతురు గతుక్కుమంది. చెప్పులు విప్పి సోఫా చివర కూర్చుని, చేతిలో ఫోను దిండు కిందికి తోసింది. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం ఆ అమ్మాయిది. గాజుగదిలో కూర్చున్న ముసలివాళ్లకి "శబ్దం వినగానే బటన్ నొక్కండి" అని రోజంతా ఓపిగ్గా చెబుతుంది. ఇంట్లో మాత్రం తండ్రికి ఒక్క మాట వినిపించలేకపోయింది.

పదయింది. చర్చ నడిపే లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, నిన్న 'పాత టేపు' అనే సభ్యులు రాసింది ముందు చదువుతాను. 'మొదటి నాలుగు ఆల్బముల్లో గొడుగు మరిచిపోయిన గుమాస్తా ఉన్నాడు, కారే కుళాయి కింద గిన్నె పెట్టి పడుకున్న ముసలమ్మ ఉంది. ఆ తర్వాత ఎవరూ లేరు. ఆయనొక్కడే ఉన్నాడు. నేను సింహం, నేను తుఫాను. పోయిన ఆల్బములో ఒకే పాటలో పదిహేడు నేనులు. పాటలు రాయడం మానేసి, తన బొమ్మ తనే గీసుకుంటున్నాడు.'"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవడ్రా వీడు! ఒక్క చరణం కట్టి చూపించమను, చూద్దాం!"

స్పీకరులో ఒక లారీ డ్రైవరు అందుకున్నాడు. "అలా అనకండి మాస్టారూ! నాకు కునుకు పట్టకుండా ఇల్లు చేర్చింది ఆయన గొంతే. మనం ముసలాళ్లం కావొచ్చు గానీ ఆయన మాత్రం కాకూడదా?"

"ముసలితనం తప్పు కాదండీ," అంది ఒక నర్సు. "అద్దం వదలకపోవడం తప్పు."

"సరే, ఆ మొదటి ఆల్బముల్లో వెనకాల టకటకమని ఒక చప్పుడుంటుంది చూడండి," అన్నాడు మాస్టారు. "అది ఉన్న పాటలన్నీ ఆణిముత్యాలే. ఏమిటా వాయిద్యం అని మనం ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. పోయినేడు ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు కదా, అది తను సొంతంగా తయారుచేసుకున్న కాలిడ్రమ్ము అని."

కుట్టుమిషను ఆగిపోయింది.

ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఆయన చటుక్కున తలెత్తాడు. ఇల్లాలు కోటు మీద చెయ్యి అలాగే పెట్టి, సూది వంక చూస్తోంది. ఆయన చూపు తిప్పుకున్నాడు. కూతురు ఇద్దరినీ చూసింది.

"ఇప్పుడు పాత టేపు గారే మాట్లాడతారు. నిన్న పేరిచ్చారు. మీ మైకు తెరిచాను, చెప్పండి," అన్నాడు మాస్టారు.

అంతే. స్పీకరులోంచి కీ... మని చెవులు చిల్లులు పడేలా కూత లేచింది. కూతురు దిండు కింద తడుముకుంది. ఆమెకంటే ముందే ఆయన తన ఫోను కట్టేశాడు. కూత టక్కున ఆగింది. ముప్పై ఏళ్లు స్టేజీల మీద నిలబడ్డ మనిషికి ఆ కూత ఒకరు చెప్పాలా? మైకూ స్పీకరూ ఒకే గదిలో ఉంటేనే అది పుడుతుంది. ఆయన నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కూత పట్టించింది. నువ్వా?"

"నేనే నాన్నా."

"పద్నాలుగు వేల మంది ముందు తండ్రి పరువు తీశావా? అదేదో నా ముఖానే చెప్పొచ్చు కదా!"

"ఎన్నిసార్లు చెప్పలేదు? పాట ఎలా ఉందని అడుగుతావు, బాగుందనే దాకా వదలవు. బాగాలేదంటే రెండు రోజులు అన్నం మానేస్తావు. చిన్నప్పుడు ఆ కుళాయి పాట విని ఏడ్చినదాన్ని నేను. ఆ నాన్న ఎక్కడికి పోయాడో అడిగాను, అంతే!" అంది కూతురు. "నేనులు లెక్కపెట్టింది నీ మీద కోపంతో కాదు నాన్నా. ఒక్క పాటలోనైనా అమ్మ ఉందేమోనని వెతికాను."

ఆయన తన ఫోను నుంచి స్పీకరు తీగ పీకేశాడు.

"ఇంకో మాట," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ టకటక చప్పుడు ఏమిటో నాకు తెలుసు. దాన్ని వింటూనే నిద్రపోయేదాన్ని. దానికి కాలిడ్రమ్మని పేరెందుకు పెట్టావు?"

"ఊరుకో తల్లీ," అంది ఇల్లాలు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. "నా పేరు చెప్పమని నేనెప్పుడూ అడగలేదు. ఒక్క గది ఇల్లు. ఆయన పాట రికార్డు చేసుకుంటుంటే నా మిషను అడ్డం. బట్టలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, ఆపలేను. పాపం ఆయనకి ఇబ్బందని మిషను కాళ్ల కింద దుప్పటి మడిచి పెట్టేదాన్ని. అయినా టేపులోకి ఎక్కేది. కాస్త డబ్బొచ్చాక ఆయన వేరే గది తీసుకున్నారు. పోనీలే, నా పీడ వదిలిందనుకున్నాను. ఆ డ్రమ్ము మాట పేపర్లో చదివిన రోజు మాత్రం..." ఆవిడ ఆగి కోటు మడతపెట్టింది. "నా చప్పుడు కూడా ఆయనదే అయిపోయిందనిపించింది."

ఆయన వంగి మిషను కిందికి చూశాడు. నాలుగు కాళ్ల కిందా నాలుగు మడతల దుప్పటి, పాతికేళ్ల నాటిది, నలిగి అట్టలా అయిపోయి ఇంకా అక్కడే ఉంది. ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

"అడ్డమా?" అన్నాడు. "పిచ్చిదానా, నీకెప్పుడూ చెప్పలేదు. నేను పాడుతుంటే నువ్వు కుట్టుకుపోయేదానివి. ఒక్కో మాట దగ్గర నీ మిషను ఆగేది. ఆగిన మాట ఉంచేవాణ్ణి, ఆగని మాట కొట్టేసేవాణ్ణి. ఆ నాలుగు ఆల్బములూ అలా రాసినవే."

ఆవిడ తెల్లబోయింది. "అయ్యో రామా! దారం అయిపోయి ఆపేదాన్నేమో!"

కూతురు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"దారం అయితే కొత్త ఉండ తీసేదానివి. పాట అయితే చెంప మీద చెయ్యి వేసుకునేదానివి. నాకు తెలీదా?" అన్నాడు ఆయన. "ఆ కొత్త గదిలో అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే. పని ఆపి విన్నవాళ్లు ఒక్కరూ లేరు. పాట ఆగిపోయిందని నాకూ తెలుసు. ఉరుమంటే కుట్టుమిషను పక్కన కూర్చుని రాసేవాడని చెప్పుకోవడానికి నామోషీ వేసింది. చెప్పిందొక అబద్ధం, దాన్ని నిలబెట్టడానికి పదిహేడు నేనులు. తప్పయిపోయిందే."

దిండు కిందనుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"క్షమించండి," అంది మాస్టారి గొంతు. "ఆ మైకు ఇంకా తెరిచే ఉందండీ. అందరం విన్నాం."

కూతురు కంగారుగా ఫోను అందుకోబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఫోను తన నోటి దగ్గర పెట్టుకున్నాడు. బట్టలు లేకుండా వీధిలో నిలబడ్డట్టుంది ఆయనకి.

"విన్నారు కదా. అది డ్రమ్ము కాదు. మా ఆవిడ కుట్టుమిషను. ఇక ఆపేయాలో వద్దో మీరే తేల్చండి."

లారీ డ్రైవరు అందుకున్నాడు. "అది మమ్మల్ని అడుగుతారేంటి సార్? ఆగాల్సింది ఆ మిషను కదా!"

ఆయన ఫోను కట్టేశాడు. లోపలికి వెళ్లి గిటారు తెచ్చుకుని మిషను పక్కన ముక్కాలిపీట వేసుకున్నాడు. ఇల్లాలు దుప్పటి తీసేయబోతే, "ఉండనీ" అన్నాడు. ఆవిడ మళ్లీ కోటు అందుకుంది. అప్పుడు చూశాడు ఆయన, పక్క కుట్లలో పాత గుడ్డా కొత్త గుడ్డా మడతలు మడతలుగా ఉండటం.

"ఇదేంటి? నా కోటు..."

"పెరిగిందండీ," అంది ఆవిడ, తలెత్తకుండా.

ఆయన చాలాసేపు ఆ అతుకుల వంకే చూశాడు. తర్వాత మర్నాడు రికార్డు కంపెనీకి పంపాల్సిన కొత్త పాట అందుకున్నాడు. మిషను టకటకా పరుగెత్తింది. రెండో చరణమూ పాడాడు. అది ఇంకా జోరందుకుంది.

"అంత చెత్తగా ఉందా?" అన్నాడు. మిషను పరుగెడుతూనే ఉంది. ఆయన కాగితం ఉండచుట్టి కూతురి వైపు విసిరాడు. కూతురు దాన్ని పట్టుకుని, "ఇందులో ఎన్ని నేనులున్నాయో లెక్కపెట్టనా?" అంది.

మధ్యాహ్నం దాకా అలాగే రాశాడు, కొట్టేశాడు. కోటు కుట్టడం అయిపోయింది. దాని తర్వాత దిండుగలీబులు మొదలుపెట్టింది ఆవిడ. అప్పుడు ఆయన కాగితం లేకుండా, తీగలు మెల్లగా మీటుతూ అన్నాడు:

"చప్పుడు నాకు తగలకూడదని
మడతలు వేసి దాచావు,
నిన్ను వినకుండా నేను
ఎంత గట్టిగా అరిచాను..."

గదిలో చప్పుడు లేదు. ఆయన తలెత్తి చూడటానికి భయపడ్డాడు.

"దారం అయిపోయిందా?" అని అడిగాడు, తీగల మీది చెయ్యి తీయకుండా.

ఆవిడ చెంప మీద చెయ్యి వేసుకుని, లేదన్నట్టు తల ఊపింది.