చాచిన చేయి

బావ పోయాక కూడా గడియారాల మెకానిక్ సాయంత్రాలు అక్క ఇంటికి వెళ్ళడం మానలేదు. కొట్టు కట్టేసి, వేళ్ళకంటిన నూనె తుడుచుకుని, ఆ మేడ మెట్లెక్కేవాడు. ముందుగదిలో కిటికీ పక్కన చదరంగం బల్ల అలాగే ఉండేది. అతనితో ఆట మధ్యలోనే బావ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఆ పావుల్ని అక్క ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గదిలో కుట్టుమిషన్ నూనె వాసనతో పాటు బావ రాసుకునే తలనొప్పి మందు వాసన ఇంకా ఉంది.

మెకానిక్‌కి ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. ముడుచుకు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుందే, అలా ఉంది అతని మనసు. ఒక సాయంత్రం ఏమీ తోచక తన వైపు నుంచి ఒక ఎత్తు వేసి వెళ్ళాడు. మర్నాడు వచ్చేసరికి బావ వైపు జవాబు ఎత్తు పడి ఉంది. అక్కకు గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు. అతను కాసేపు బల్లకేసి చూసి, కూర్చుని, ఇంకో ఎత్తు వేశాడు. అంతే. అలా రోజుకో ఎత్తు నడిచింది.

బావా బావమరుదులకు ఎప్పటినుంచో ఒక కట్టుబాటు ఉంది. ఓడినవాడు ఇంట్లోనే ఉండి పావులు సర్దాలి. గెలిచినవాడు దర్జాగా వీధి చివరికి టీకి వెళ్ళాలి. డ్రా అయితే ఇద్దరూ కలిసి లేచి వెళ్ళాలి. డ్రా కావాలంటే నోరు విప్పకూడదు, బల్ల మీదుగా చేయి చాచాలి. చాచిన చేయి వెనక్కి తీసుకోకూడదు. అప్పట్లో అదంతా నవ్వులాట.

ఇప్పుడు నవ్వే ఓపిక ఎవరికీ లేదు. అక్క చిక్కి సగమైపోయింది. సగం కుట్టిన కర్టెన్ మిషన్ మీదే ఉండిపోయింది. తిండి సరిగ్గా తినదు. ఖాళీ కుర్చీకేసి చూస్తూ ఏదో గొణుగుతుంది. ఇలాగే సాగితే అక్క దక్కదని తమ్ముడికి అర్థమైంది. బావను ఇంట్లోంచి పంపించాలి. గెలిచినవాడే కదా బయటికి వెళ్ళేది, సరే ఓడిపోదామనుకున్నాడు. తన ఏనుగును తీసుకెళ్ళి బావ ఏనుగు ఎదుటే పెట్టాడు, చంపుకోమని.

మర్నాడు చూస్తే బావ దాన్ని ముట్టుకోలేదు. తన ఏనుగునే ఎందుకూ పనికిరాని మూలకు జరుపుకున్నాడు. ఇక మెకానిక్ బంటుకు అడ్డే లేదు. ఒక్క గడి ఎక్కితే మంత్రి అవుతుంది, ఆట అయిపోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఓడితే రెండు రోజులు ముఖం చూపించని మనిషి, ఇలాంటి ఎత్తు వేస్తాడా?

అప్పుడు తట్టింది. బావ ఓడిపోవాలనే ఆడుతున్నాడు. ఇంట్లోనే ఉండిపోవడానికి. చచ్చి సాధించడమంటే ఇదే కాబోలు.

"బంటు జరుపురా," అంది అక్క వెనకనుంచి, గుసగుసగా.

"నీకు ఆట తెలీదు కదక్కా."

"ఆయన చెప్పారు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు గెలువు. ఆయన్ని ఉండనీ."

"నువ్వు మిగలవే..."

"నాకు పర్వాలేదురా."

బయట చీకటి పడుతోంది. ఎవరూ లైటు వేయలేదు. తలనొప్పి మందు వాసన ఒక్కసారిగా ఘాటెక్కింది. ఎదుటి కుర్చీ కిర్రుమంది... అతనికి భయం కూడా సరిగ్గా వేయలేదు. అక్క ఒక్కతే కనిపించింది.

బల్ల మీదుగా చేయి చాచాడు.

చాలాసేపు ఏమీ కాలేదు. చేయి లాగుతోంది. తీసుకోకూడదు... తర్వాత అతని వేళ్ళు దగ్గరికి నొక్కుకుపోయాయి. రక్తం దిగి తెల్లబడ్డాయి. స్పర్శ మాత్రం తెలియలేదు. ఎదుటి కుర్చీ వెనక్కి జరిగింది.

ఇద్దరూ లేచారు. మెట్ల మీద అతని అడుగుల పక్కనే బావ ఎడమచెప్పు, బతికున్నప్పటిలాగే, ఈడ్చుకుంటూ వచ్చింది. టీకొట్టు కట్టేసి ఉంది. "ఇక వెళ్ళు బావా," అన్నాడతను. చప్పుడు ఆగిపోయింది. ఒక్కడే వెనక్కి తిరిగాడు.

మెట్లెక్కుతుంటే ఎడమకాలు బరువుగా తోచింది. చేతిలో తిమ్మిరి ఇంకా వదల్లేదు. గదిలో లైటు వెలుగుతోంది. అక్క మిషన్ ముందు కూర్చుని కర్టెన్ కుడుతోంది. ముఖం కళకళలాడుతోంది. హమ్మయ్య అనుకుని దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు.

"వచ్చారా? తమ్ముడు అటునుంచి అటే వెళ్ళిపోయాడా?" అంది అక్క.

అక్కా, నేనే... అందామనుకున్నాడు. నాలుక తిరగలేదు. అప్పుడు చూసుకున్నాడు, కూర్చున్నది బావ కుర్చీలో. ఎదుట తన కుర్చీ ఖాళీగా ఉంది. అటువైపు బంటు తాను వదిలిన చోట లేదు. చివరి గడి ఎక్కి ఉంది.

అక్క మిషన్ ఆపలేదు.

"ఓడింది మీరేగా. పావులు సర్దండి," అంది.