మగ పూల గంప

తోటి గూఢచారి నర్సింహులు శవం కాలువలో తేలిందన్న కబురు ఉమకు అయిజ దగ్గరి సీడు పత్తి చేనులో అందింది. నిన్నటిదాకా ఇద్దరూ కలిసి పనిచేశారు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, కూలీ వేషంలో సాళ్ళ మధ్య వంగి ఉందామె. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పొడిగా వినిపించింది.

"కణానికి హెడ్డాఫీసు కేంద్రకం. ఆర్డర్లన్నీ అక్కడే, డీఎన్ఏలో ఉంటాయి. చుట్టూ రెండు పొరల గోడ, కాపలా ఉన్న రంధ్రాలు. బయటికొచ్చేవి నకళ్ళే. అసలు ఫైలు గడప దాటదు."

"మరి భయమెందుకు సార్?"

"పుప్పొడిలో అసలు ఫైలే ప్రయాణం చేస్తుంది. విదేశీ ముఠా దాన్నే మార్చి మగ పూల గంపలో కలిపింది. ఆ పూలు ఆడ మొగ్గలకు రుద్దితే కట్టే గింజ మొలకెత్తదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులు మునిగిపోతారు. ఆపు. మన కాంటాక్ట్ అక్కడే ఉంది."

భయపడని గూఢచారులు ఎక్కడుంటారో ఉమకు తెలియదు. మంచినీళ్ళ బిందె చంకనెత్తుకుని, గట్టు మీద ఆగి ఉన్న ట్రాక్టర్‌ను దాటి గంప దగ్గరికి నడిచింది.

అక్కడ కంపెనీ సూపర్‌వైజర్ శిల్ప నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, సినిమా అందం.

"వాన వస్తదా?" ఉమ కోడ్ చెప్పింది.

"తుంగభద్ర దాటినంక." సరైన జవాబే.

ఉమకు ప్రాణం లేచి వచ్చింది. "గంపల పూలు మంచియి కావు. జల్ది ఆపాలె!"

స్కార్ఫు కింద నుంచి పిస్తోలు ఉమ పక్కటెముకలకు తగిలింది.

"నర్సింహులు గూడ గిదే చెప్పిండు," శిల్ప నవ్వింది. "కదిలితే కాలుస్త."

ఇంతలో మేస్త్రీ యాదమ్మ కేకేసింది. "పొద్దెక్కుతుంది, పూలు అందుకోండ్రి!"

కూలీల చేతులు గంపలోకి సాగాయి.

కింద పడాలి అనుకుంది ఉమ. నటించే శ్రమ లేకుండానే భయానికి మోకాళ్ళు కూలాయి. బిందె గంపలో బోర్లాపడింది. నీళ్ళు పీల్చుకున్న పుప్పొడి రేణువులు ఉబ్బి పగిలాయి. మార్చిన కేంద్రకాలు మొగ్గ చేరకముందే నాశనమైపోయాయి.

"పూల మీద నీళ్ళు పోస్తరానె!" యాదమ్మ ఉరికొచ్చింది. కూలీలంతా మూగారు. అన్ని కళ్ళ ముందు కాల్చలేక శిల్ప పిస్తోలు దాచబోయింది. ట్రాక్టర్ డ్రైవర్ వేషంలో గట్టు మీద కాపు కాస్తున్న ఏజెంట్ రాకేష్ ఉరికొచ్చి ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు.

ఉమ తడిమట్టిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నర్సింహులు ఉంటే బాగుండుననిపించింది.

యాదమ్మ మెత్తబడింది. "ఏడ్వకు బిడ్డా. పూలు రుద్దే క్రాసింగ్ పని నీతోని కాదు. రేపటి సంది రాకు."

ఆ వారంలో వచ్చిన ఆర్డర్లలో ఉమ సంతోషంగా పాటించింది అదొక్కటే.