ఎన్నడూ నడవని ట్రిప్పు

కారంపూడి నుంచి మొదటి బస్సుకే నరసరావుపేట వచ్చిపడింది ముంతాజ్. ప్రైవేటు డిటెక్టివ్ హరిత అందించిన మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు.

"మా ఆయన జమీర్ హమాలీ, అక్కా. తొంభై కిలోల మిరపకాయలు కాజేశాడని చెన్నకేశవులు బాబాయ్ నింద వేశాడు. సాయంత్రం ముఠాలోంచి తీసేస్తారంట. ఇరవై ఏళ్లు మోసినోడు ఇయ్యాల దొంగంట!" అంటూ భోరుమంది.

మిరప రైతు చెన్నకేశవులు, పక్క చేను వెంకటకృష్ణ కలిసి ఒకే ట్రాక్టర్ మీద రెండు ట్రిప్పుల మిరపకాయలు కారం మిల్లుకు తోలారు. బస్తా నలభై కిలోలని ఇద్దరి మాట. మొత్తం తొంభై బస్తాలు, అన్నీ ఎత్తింది జమీర్. మిల్లు వేబ్రిడ్జి మీద ట్రాక్టర్ తూచి చూస్తే సరుకు తొంభై కిలోలు తగ్గింది. మిల్లువాళ్లేమో సరుకంతా ఒకే రాశిలో పోసి అప్పుడే ఆడించేశారు.

"ఇంక తూయడానికి బస్తా ఏది మేడమ్? కారప్పొడిని అడగాలా?" అన్నాడు గఫార్. మోటారు రిపేర్లు మానేసి హరిత వెంట తిరిగే సహాయకుడతను. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

కారంపూడిలో వెంకటకృష్ణ తన ఎలక్ట్రానిక్ కాటా చూపించాడు. చెన్నకేశవులు కల్లంలో మాత్రం పెద్ద తక్కెడ వేలాడుతోంది. ఒకవైపు రాయి, రెండోవైపు బస్తా.

"బ్యాటరీ కాటాలు ఎవుడు నమ్ముతాడమ్మా? ఇది మా నాయన నాటి రాయి. నలభై కిలోలు. రాయి అబద్ధమాడిద్దా?"

రాయంతా మాసి నల్లబడింది. ఒక మూల మాత్రం తెల్లగా ఉంది. హరిత కల్లమంతా కలియజూసి, ట్రాక్టర్ చక్రం కింద అడ్డం పెట్టిన రాతిముక్క దగ్గర కాసేపు నిలబడింది.

"వేబ్రిడ్జి చీటీలివ్వండి" అంది.

మొదటి ట్రిప్పు: చెన్నకేశవులువి ఇరవై బస్తాలు, వెంకటకృష్ణవి పదిహేను, బరువు 1360 కిలోలు. రెండోది: ఇరవై ఐదు, ముప్పై, బరువు 2150.

సాయంత్రం అందరూ కల్లంలోనే చేరారు. జమీర్ తల వంచుకుని నిలబడ్డాడు. హరిత సుద్దముక్క తీసుకుని ట్రాక్టర్ ట్రక్కు తలుపు మీద ఆ లెక్కలు రాసింది.

"ఎవరి బస్తా ఎంతుందో తెలీదు. రెండూ తెలీనివే. అందుకని ఒకదాన్ని మాయం చేద్దాం."

"మళ్లీ మాయమా!" ఉలిక్కిపడ్డాడు ముఠా మేస్త్రి నూర్ మొహమ్మద్.

"మొదటి ట్రిప్పు రెండుసార్లు నడిచిందనుకోండి. అప్పుడు బస్తాలు నలభై, ముప్పై. బరువు 2720. అందులోంచి రెండో ట్రిప్పు తీసేయండి. వెంకటకృష్ణ గారి ముప్పైకి ముప్పై కొట్టుకుపోయాయి. మిగిలింది చెన్నకేశవులు గారి పదిహేను బస్తాలే. బరువు 570."

వెంకటకృష్ణ వేళ్లు మడిచాడు. "అంటే బస్తా ముప్పై ఎనిమిదే!"

"మొదటి ట్రిప్పులో ఆయన ఇరవై బస్తాలు 760. మిగతా 600 మీ పదిహేనువి. బస్తా సరిగ్గా నలభై. ఆయన నలభై ఐదు బస్తాల్లో రెండేసి కిలోలు తక్కువ. అదే ఆ తొంభై."

గఫార్ సుద్ద లెక్కలను వేలితో మళ్లీ వరసగా చూసుకున్నాడు. ఎన్నడూ నడవని ట్రిప్పు ఒకటి నడిపించి, పొడైపోయిన బస్తాలను తూచేసిందీ మనిషి!

"అయితే నా బస్తాల్లోనే తీశాడు దొంగ!" పట్టు విడవలేదు చెన్నకేశవులు.

"కుట్టిన బస్తా విప్పి, రెండు కిలోలు తీసి మళ్లీ కుట్టాడా? మీ కళ్లెదుట నలభై ఐదుసార్లు? గఫార్, ఆ చక్రం కింది ముక్క పట్రా."

ముక్కను రాయి తెల్లటి మూలకు ఆనించింది. వెంట్రుక కూడా దూరనంతగా అతుక్కుంది. వెంకటకృష్ణ కాటా మీద పెడితే సరిగ్గా రెండు కిలోలు తూగింది.

"ఓరి దేవుడా! పోయిన నెల ట్రాక్టర్ వెనక్కొచ్చి ఈ రాయిని గుద్దింది. చిన్న ముక్కే గదా అనుకున్నా." చెన్నకేశవులు భుజం మీది తువ్వాలు తీసి జమీర్ ఎదుటికి వచ్చాడు. "తప్పైపోయిందిరా జమీరూ. నోరు జారినా."

జమీర్ ఆ తువ్వాలు అందుకుని మళ్లీ ఆయన భుజం మీదే వేశాడు. "నీ బస్తాలు ఎత్తేటప్పుడే తేలిగ్గా తగిలినయ్ బాబాయ్. చెబితే మీ నాయన రాయిని తప్పుబట్టినట్టయిద్దని ఊరుకున్నా."

చెన్నకేశవులు తలెత్తలేకపోయాడు. ముంతాజ్ కొంగుతో కళ్లు తుడుచుకుంది. హరిత సుద్దముక్క పక్కన పెట్టేసి, తన లెక్కకంటే ముందే బస్తాలను తూచేసిన జమీర్ భుజం వైపు అలా చూస్తూ ఉండిపోయింది.