జీవనకేంద్రం

"ఏటే, జావలో మళ్ళీ ఉప్పెయ్యనేదా?" అనేసి కూర్మారావు నాలుక కరుచుకున్నాడు.

బల్లకు అవతల కూర్చున్న నూకరత్నం చెంచా ఆపి భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. చెవి వెనక చర్మం కింద కందిగింజలా పొడుచుకొచ్చిన కేంద్రసూచిని వేలితో తడుముకుంది. ఆ పరికరం చప్పుడు చెయ్యదు, వేడెక్కదు. అయినా ఇంట్లో తెలుగు మాట వినబడినప్పుడల్లా ఆమె చెయ్యి అక్కడికే పోతుంది.

"పొరపాటైంది," అన్నాడు కూర్మారావు వెస్తారీ భాషలో. "జావ చప్పగా ఉంది అంటున్నాను."

"నీకు ఉప్పు పడదు కదా," అందామె అదే భాషలో, కాస్త మెత్తబడి. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. వసంతం రానీ."

కిటికీ బయట రేవులో అలల పలకలు లేచి పడుతున్నాయి. సముద్రం ఊపును కరెంటుగా మార్చే ఆ పలకలను మరమ్మతు చేసే ఇంజనీరుగా రత్నం చాలా ఏళ్ళ కిందట పలాస నుంచి ఈ వెస్తార్ దేశానికి వచ్చింది. వెంట వచ్చిన కూర్మారావు రేవు క్యాంటీన్లో వంట చేసేవాడు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాక ఇంటిపట్టునే ఉంటున్నాడు.

ఒకప్పుడు ఇక్కడ ఉండే విదేశీయులు ఏడాదికోసారి ఆదాయ నివేదన దాఖలు చేసేవారట. ఎన్నాళ్ళు ఏ దేశంలో ఉన్నారు, ఇల్లు ఎక్కడ, సంపాదన ఎక్కడ అని కాగితాలు చూపించేవారు. దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో మాత్రం అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేరే ఉండేది. ఈ మనిషి జీవనకేంద్రం ఏ దేశంలో ఉంది? దానికి తోచిన జవాబు తోచినట్టు రాసేవారు, లాయర్లు వాదించుకునేవారు. కేంద్రసూచి వచ్చి ఆ గొడవ తీర్చేసింది. ఏ చోటు తలపుకొస్తే మనిషి గుండె వేగం పెరుగుతుందో, ఏ గొంతు వింటే ఊపిరి మారుతుందో అది ఏడాది పొడుగునా గమనిస్తుంది. వసంతంలో ఒక పూట కొలతపీఠం మీద కూర్చోబెట్టి లెక్క తేలుస్తుంది. కేంద్రం వెస్తార్‌లో ఉంటే లోనివాసి. బయట ఉంటే వెలినివాసి. వెలినివాసికి పన్ను ఎక్కువ, అది ఎలాగో భరించవచ్చు. ప్రభుత్వ వైద్యం ఉండదు, భరించలేనిది అదే. ఇక్కడ అబద్ధం చెప్పడానికి వీల్లేదు, పైరవీ పనికిరాదు. ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని లోకమంతా మెచ్చుకుంది.

ఒక గృహానికి ఒకే కొలత. సంపాదించే మనిషిని కొలిస్తే చాలు. అందుకే కూర్మారావు చెవి వెనక ఏమీ లేదు.

కిందటి వసంతంలో రత్నం కొలత సరిహద్దు దాకా జారిపోయింది. ఎందుకు జారిందో యంత్రం దాచలేదు. ఆమె మనసు రోజూ పలాసకు పరుగెత్తుతోంది. అక్కడ అప్ప ఉంది. అప్ప అంటే పైడితల్లి, రత్నానికి అక్క, తల్లీ తండ్రీ కూడా తనే. వరదలో అమ్మానాన్నా పోయాక జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టి చెల్లెల్ని చదివించింది. జీడి నూనె కాల్చేసిన ఆ వేళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. రోజూ సాయంత్రం ఎదుటిరూపంలో వచ్చి, ఈ ఇంటి కుర్చీలోనే కూర్చున్నట్టు కనబడి, "తిన్నావా గుంటా?" అని అడిగేది. ఆ ఒక్క పలకరింపుకే రత్నం గుండె సముద్రాలు దాటిపోయేది.

"ఈసారి సరిహద్దు దాటితే మీ భర్తకు కొత్త మూత్రపిండం పెంచే పని ఆగిపోతుంది," అని పన్ను కార్యాలయం ఆవిడ మంచిగానే హెచ్చరించింది.

అప్పుడు రత్నం అజోవా దగ్గరికి వెళ్ళింది. ఘనా నుంచి వచ్చిన ఆ పెద్దావిడ విదేశీయులకు మరపు సాధన నేర్పుతుంది. చట్టం ఒప్పుకున్న వృత్తే అది. మొదటి రోజు కూర్మారావు కూడా వెంట వెళ్ళాడు.

"మీ అక్కగారి మీద కోపం తెచ్చుకోవద్దు," అంది అజోవా. "కోపం కూడా బంధమే, యంత్రం పట్టేస్తుంది. విసుగు రావాలి. ఆవిడతో ముడిపడిన ప్రతి జ్ఞాపకాన్నీ రోజూ ఇక్కడ గట్టిగా చెప్పండి, వెస్తారీలోనే. రుచి పోయేదాకా చెప్పండి. మీ భాష మానెయ్యండి, వంటలు మానెయ్యండి, పిలుపులు మానెయ్యండి."

"ఎంతకాలం?" అడిగింది రత్నం.

"మీకే తెలుస్తుంది."

రత్నం చెప్పింది. వరద నీళ్ళలో అప్ప తనను భుజాల మీద మోసుకుని నడిచిన సంగతి, బట్టీ దగ్గర నిద్రపోతే కొంగు కప్పిన సంగతి, పెళ్ళిలో కూర్మారావు తాళి కట్టేటప్పుడు అప్ప ఏడ్చిన ఏడుపు. మొదట్లో ఇంటికి వచ్చి వాంతి చేసుకునేది. రాన్రాను ఆ కథలు ఎవరో పక్కింటివాళ్ళవి అన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత చెప్పేటప్పుడు ఆవలించేది. ఆవలింత వచ్చిన రోజున అజోవా ఆమె భుజం తట్టిందట.

కూర్మారావు మాత్రం స్నానాలగదిలో కుళాయి విప్పి తనలో తాను తెలుగు మాట్లాడుకునేవాడు. బయటికొచ్చాక సిగ్గేసేది. తన ప్రాణం కోసం ఆమె ఒక్కొక్కటీ వదిలేస్తోంది, తను మాత్రం అన్నీ దాచుకుంటున్నాడు.

వసంతం వచ్చింది. కొలతలో రత్నం నిక్షేపంగా లోనివాసి అని తేలింది. ఆకులు రాలకముందే కూర్మారావు ఒంట్లో కొత్త మూత్రపిండం పనిచెయ్యడం మొదలుపెట్టింది. అతని కండకణాల నుంచే పెంచినా, ఒళ్ళు దాన్ని తిప్పికొట్టకుండా రోజూ మందు వేసుకోవాలి. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రిలో తప్ప దొరకదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు కూర్మారావు ఉప్పు వేసిన అన్నం తిని, కళ్ళు తుడుచుకున్నాడు. రత్నం పళ్ళెం తీసి కడిగి, రేవుకు వెళ్ళిపోయింది.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే వాకిట్లో పైడితల్లి నిలబడి ఉంది. చీర మీద అరువు తెచ్చుకున్న కోటు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు.

"వదినా!" అని కూర్మారావు అలాగే ఉండిపోయాడు.

"ఏటి బాబూ, దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు? బతికే ఉన్నాను. మీరున్నారో నేదో సూద్దామని వొచ్చీసినాను. ఏడాది పైనయ్యింది, ఒక్క మాట నేదు. గుంటేదీ?"

రత్నం సాయంత్రం పని నుంచి వచ్చింది. అప్పను చూసి గుమ్మంలో ఆగింది. నుదురు ముడిచి, మాటల కోసం వెతుక్కుంది.

"నమస్కారం. ప్రయాణం సౌకర్యంగా జరిగిందా?"

పైడితల్లి నవ్వబోయి ఆగింది. "ఇదేటే, వార్తలు సదివినట్టు మాటాడతన్నావు? రా, ఇలారా." ముందుకొచ్చి చెల్లెలి చేతులు పట్టుకుంది. రత్నం ఆ చేతులు విడిపించుకోలేదు. వాటిని శ్రద్ధగా చూసింది.

"ఈ నల్లదనానికి ఇక్కడ మంచి చికిత్స ఉంది," అంది. "కావాలంటే కనుక్కుంటాను."

పైడితల్లి నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకుని కోటు జేబుల్లో పెట్టుకుంది. ఆ పూటంతా రత్నం మర్యాదకు లోటు చెయ్యలేదు. పక్క వేసింది, వేడినీళ్ళు పెట్టింది, చలికి ఇబ్బందిగా ఉందా అని రెండుసార్లు అడిగింది.

నెల ఉందామని వచ్చిన మనిషి మర్నాడే బయల్దేరింది. కూర్మారావు ట్రామ్ ఆగేచోటు దాకా వెంట నడిచాడు. దారిలో తనకు తెలిసినదంతా చెప్పాడు, దాచలేదు.

"అంతా నా వల్లే వదినా. నా ఒంట్లో బాగోనేదని..."

"నీ పేణం నిలబెట్టింది కదా. మంచి పనే సేసింది," అంది పైడితల్లి. "దానికి నా మీద కోపముంటే కాళ్ళట్టుకుని బతిమాలుకుందును. కోపం నేదు బాబూ. అదే నాకు భయమేస్తంది." ట్రామ్ వచ్చి ఆగింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "నన్ను మర్సిపోనాది సరే. నిన్నెలా సూస్తంది?"

ట్రామ్ కదిలిపోయింది.

ఇంటికి తిరిగి నడుస్తుంటే ఒక్కొక్కటీ తట్టింది. ఆసుపత్రిలో రత్నం అతని పక్కన కూర్చుని పని కాగితాలు చూసుకునేది. నొప్పిగా ఉందంటే నర్సును పిలిచేది. ఈమధ్య ఆమె తన పక్కను కిటికీ ఉన్న గదిలోకి మార్చుకుంది, నిద్ర సరిగ్గా పడుతుందని. అలసటేమో అనుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. ఆమె అరగదీసుకున్న జ్ఞాపకాల్లో చాలాచోట్ల అప్ప పక్కన తనూ ఉన్నాడు. తన యాస, తన నడక, తలకు రాసుకునే నూనె వాసన, అన్నీ ఆ ఊరివే. ఊరిని తీసేసి మొగుణ్ణి మిగుల్చుకునే సాధన అజోవా దగ్గర లేదు.

అజోవా దగ్గరికే పరుగెత్తాడు. "తిరిగి తెచ్చుకునే సాధన నేర్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు.

"అలాంటిది లేదయ్యా. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మరిచిపోయినవాళ్ళకు అడగాలని ఎందుకనిపిస్తుంది?" అజోవా చిన్న గొంతుతో అంది, "నాకొక కొడుకు ఉన్నాడని కాగితాల్లో ఉంది. అంతే తెలుసు."

తర్వాతి వసంతంలో కొలతపీఠం నుంచి వచ్చిన రత్నం కోటు కొక్కేనికి తగిలించి, అతని ఎదురుగా కూర్చుంది.

"యంత్రం ఒక విషయం తేల్చింది," అంది వెస్తారీలో, నింపాదిగా. "నా కేంద్రంలో మీరు లేరట. చట్టం ప్రకారం మనం ఒక గృహం కాదు. ఇకనుంచి మీ కొలత మీరే ఇచ్చుకోవాలి."

"నువ్వేమంటావు రత్నం? నువ్వు చెప్పు."

ఆమె నిజంగానే ఆలోచించింది. "యంత్రం పొరపాటు చెయ్యదు కదండీ. మీరు ఇక్కడే ఉండొచ్చు. నాకేమీ ఇబ్బంది లేదు."

కూర్మారావు చెవి వెనక కేంద్రసూచిని అమర్చారు. మొదటి కొలతకు కొన్నాళ్ళు గమనిస్తే చాలట, ఆపైన పిలిపించారు. పన్ను కార్యాలయంలో అదే ఆవిడ, హెల్దా అని పేరు, అతన్ని పీఠం మీద కూర్చోబెట్టింది. ఎదురు గోడ మీద లోకపటం వెలిగింది. పలాస దగ్గర చుక్క వెలుగుతుందని అతను ఎదురుచూశాడు. వెలగలేదు. పటం పెద్దదవుతూ పోయి వెస్తార్ తీరం దగ్గర, రేవులో, నీళ్ళ మీద ఆగింది.

"ఇక్కడ మీకు ఆస్తి ఏమైనా ఉందా?" అడిగింది హెల్దా.

"లేదండి."

చుక్క కదిలింది. అలల పలకల వరుస వెంబడి మెల్లగా జరిగి, క్యాంటీన్ దగ్గర కాసేపు నిలిచి, మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళింది. ఈ వేళప్పుడు ఎవరు ఎక్కడెక్కడ నడుస్తారో కూర్మారావుకు కళ్ళు మూసుకున్నా తెలుసు. హెల్దా యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపింది. చుక్క మళ్ళీ అలాగే నడిచింది.

"నేను ఇలాంటిది చూడలేదు," అంది. "కేంద్రమంటే ఒక చోటు కదా. ఇది తిరుగుతోంది. ఎవరున్నారు అక్కడ?"

"నా భార్య. అక్కడ పనిచేస్తుంది."

హెల్దా తెర వైపు చూసి, గొంతు తగ్గించింది. "మీ వివరాల్లో భార్య ఎవరూ లేరండి."

ఆవిడ చేతనైనంత ప్రయత్నించింది. పైవాళ్ళతో మాట్లాడింది, పాత నిబంధనలు వెతికింది. కదిలే కేంద్రం ఏ దేశానికి చెందుతుందో వాటిలో ఎక్కడా లేదు. నిలకడ లేని కేంద్రాన్ని బయటిదిగా పరిగణించాలని మాత్రం ఒకచోట ఉంది. ఆవిడ అతని ముఖం చూడకుండా వెలినివాసి అని నమోదు చేసింది. యంత్రం అభ్యంతరం చెప్పలేదు.

"మందు ఆసుపత్రిలో ఈ నెలాఖరు దాకా ఇస్తారు," అంది. "తర్వాత మీ దేశం వెళ్తారా?"

కూర్మారావు వినలేదు. గోడ మీద చుక్క రేవు దాటి ట్రామ్ దారి పట్టింది. పని అయిపోయినట్టుంది. అది ఇంటి వైపు మలుపు తిరిగేదాకా చూసి, ఆ తర్వాత కూడా పీఠం మీది నుంచి లేవకుండా చూస్తూనే ఉన్నాడు.