ఎగువ గుడిసె గొంతు

సెమెరు అగ్నిపర్వతం దిగువన, ఏటి గట్టు మీద వార్తిని నడిపే కాఫీ పాక. ఇసుక కూలీలు అక్కడ వేయించిన తెంపే సోయా బిళ్ళలు తిని, లవంగం సిగరెట్లు కాల్చి మళ్ళీ ఏట్లోకి దిగుతారు. గుంజకు ఒక వాకీటాకీ వేలాడుతూ ఉంటుంది. ఎగువన వాన పడితే కాపలా గుడిసె నుంచి కబురు అందులోనే వస్తుంది.

కొండ మీది బూడిదను వాన కడిగి ఏట్లోకి తోస్తే వచ్చే బురదపోటును అక్కడ లహార్ అంటారు. బండరాళ్ళనూ చెట్లనూ ఎత్తుకుని, పొగలు కక్కుతూ వస్తుంది. నిరుడు కాపలా గుడిసెతో పాటు అందులో కాపలా ఉన్న వార్తిని అన్న పైమిన్‌ను కూడా తీసుకుపోయింది. శవం దొరకలేదు. ఇప్పుడు ఇంకా పైన కొత్త గుడిసె కట్టారు. గియర్తో కాపలా ఉంటున్నాడు.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఎండ కాస్తోంది. కొండ మాత్రం నల్లగా మూసుకుపోయింది. ఏట్లో నీళ్ళు ఉన్నట్టుండి సన్నబడ్డాయి. గాలిలో గంధకం వాసన, దాని వెనకే పచ్చి బురద వాసన.

"లారీ పైకి తియ్యవయ్యా. ఎగువన వాన కొడుతోంది," అని వార్తిని గట్టు మీంచి కేకేసింది.

ఆమె భర్త తుకిరాన్ పార ఆపలేదు. "రేడియో ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు."

"మరి నీకెందుకే? సగం లారీతో పోతే మా యజమాని నన్ను తొక్కేస్తాడు."

"ఆయన కంటే ముందు ఏరు తొక్కుతుంది."

కూలీలు నవ్వారు. అప్పుడే రేడియో గరగరలాడింది. "ఎగువన వాన లేదు. పని చేసుకోండి."

"విన్నావుగా," అన్నాడు తుకిరాన్. "పోయి కాఫీ కాచు."

వార్తినికి ఒళ్ళు మండిపోయింది. తలెత్తి కొండ వంక చూసేవాడు ఒక్కడూ లేడు. అందరికీ ఆ నల్లడబ్బా చెప్పిందే వేదం. పాకలోకి వచ్చి రేడియో మీట నొక్కింది.

"గియర్తో, నీ కళ్ళేమైనా పోయాయా? కొండ కనిపించడమే లేదు ఇక్కడికి."

కాసేపు గరగర. తర్వాత, నోట్లో నీళ్ళు నింపుకుని మాట్లాడుతున్నట్టు...

"వాన లేదు, తినీ."

ఆమె చెయ్యి ఆగిపోయింది. పొయ్యి మీద కాఫీ పొంగి నిప్పుల్లో పడింది. తినీ అని ఆమెను పిలిచినవాడు ఒక్కడే.

"...ఎవరు?"

"ఒక్కణ్ణే ఉన్నాను ఇక్కడ. మీద చాలా బరువుగా ఉంది. వాళ్ళను అక్కడే ఉండనీ..."

రేడియో చేత్తో పట్టుకునే ఏట్లోకి పరుగెత్తింది.

"అది గియర్తో కాదయ్యా. మా అన్న."

"మీ అన్న పోయి ఏడాదైంది," అన్నాడు తుకిరాన్, విసుగ్గా. "ఎండ దెబ్బ తగిలినట్టుంది. పైకి పో."

ఇక మాటలతో పని కాదని తేలిపోయింది. లారీ తలుపు లాగి, తాళంచెవి పీక్కుని గట్టు వైపు ఉరికింది. వెనక నుంచి బూతులు. కూలీలంతా వెంటపడ్డారు. అందరి కంటే వెనక తుకిరాన్.

కాళ్ళ కింద నేల వణికింది.

తర్వాత ఆ హోరు... ఆమె వెనక్కి చూడలేదు. గట్టు వెనకున్న గుట్ట ఎక్కేదాకా చూడలేదు.

చూసేసరికి ఏరు లేదు. పాక లేదు. బూడిదరంగు బురద పొగలు కక్కుతూ పోతోంది. అందులో లారీ అగ్గిపెట్టెలా దొర్లుతోంది. కూలీలు రొప్పుతూ కూలబడ్డారు. చివరగా తుకిరాన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తల నుంచి కాళ్ళ దాకా బురదే.

కొండదారి వెంట గియర్తో పరుగెత్తుకొచ్చాడు. "నా సెట్టు పొద్దున్నే చచ్చిపోయింది," అన్నాడు ఆయాసపడుతూ. "కబురు పంపే దారి లేక..."

కూలీలు వార్తిని చేతిలోని రేడియో వంక చూశారు.

"ఇప్పటికైనా నమ్ముతావా?" అంది వార్తిని మొగుడితో. అతను ఏటి వైపే చూస్తున్నాడు. "నోరు పడిపోయిందా? పోనీ, తిట్టు." ఉక్రోషం ఆపుకోలేక అతని చెయ్యి పట్టి లాగింది. అంత ఉడుకు బురదలోంచి వచ్చిన చెయ్యి... చల్లగా ఉంది.

రేడియో గరగరలాడింది.

"వార్తినీ..." తుకిరాన్ గొంతు. ఏడుస్తున్న గొంతు. "ఎక్కడున్నావే? నాకేమీ కనిపించడం లేదు..."

పక్కనున్నవాడు ఆమె చేతిలోంచి రేడియో తీసుకుని, మెల్లగా ఆపేశాడు.