నానమ్మ ఇంటి సుద్ద గుర్తులు

“పదకొండు!” అని అరిచి కెజయా నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకుంది.

శనివారం ఉదయం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కొట్లో మిసెస్ బెస్ట్ గాజు సీసాలు తుడుస్తూ ఇంకా చెబుతూనే ఉంది.

“డబ్బు తీసుకోకుండా ఎవరికైనా గ్లాసుడు మాబీ, ఈ చెట్టుబెరడు పానకం పోస్తే, ఇది హౌస్ తరఫున అంటామమ్మా. ఆ అలవాటు మా నాన్న మొదలుపెట్టాడు. ఎందుకంటే, ఒకసారి తుపానులో...”

“రాసేసుకున్నానండీ! థాంక్యూ!”

మిసెస్ బెస్ట్ తలెత్తేసరికి కెజయా గుమ్మం దాటేసింది.

అంత తొందరకి కారణం ఉంది. మిస్ లాషలీ నిన్న క్లాసులో బోర్డు మీద ‘హౌస్’ అని ఒక్క మాట రాసింది. “ఈ మాటని మన ఊళ్ళో ఎవరెవరు ఎన్ని రకాలుగా వాడతారో అడిగి తెలుసుకుని రండి. ఒక్కో అర్థానికి ఒక్కో పాయింటు” అంది. మాట ‘హౌస్’, పాయింట్లు కూడా బడిలో ఎవరి హౌస్‌కి, అంటే ఎవరి జట్టుకి వాళ్ళకే. కెజయాది గ్రీన్ హౌస్. ఎదురింటి రషాన్‌ది యెల్లో హౌస్. వాడు నిన్న సాయంత్రానికే పదమూడు పోగేశానని గేటెక్కి మరీ చెప్పాడు.

పాయింట్ల సంగతి అలా ఉంచితే, కెజయాకి నిజంగానే వింతగా ఉంది. ద్వీపం రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో పెద్దవాళ్ళు కూర్చుని వాదించుకునే సభ కూడా హౌసే. టికెట్లన్నీ అమ్ముడైపోతే హాలు బయట పెట్టే బోర్డులోనూ హౌసే. పాస్టర్ గారికి చర్చి దేవుడి హౌస్. రాజుల వంశమూ హౌసే. ఇంత చిన్న మాటలో ఇన్ని ఎలా పట్టాయో! కానీ ఈ పిల్లతో వచ్చిన చిక్కేమిటంటే, అడగడానికి ఎంత హుషారో, జవాబు చివరిదాకా వినడానికి అంత బద్ధకం.

అక్కణ్ణించి తిన్నగా నానమ్మ ఇంటికి పరుగెత్తింది. ఇల్లంటే ఇప్పుడు సగమే ఉంది. మిగతా సగం లారీ ఎక్కింది.

నానమ్మ ఉండే చెక్క ఇల్లు ఆమె సొంతం. దాని కింది నేల మాత్రం చెరకు తోటవాళ్ళది. వాళ్ళకి ఆ నేల కావాల్సివచ్చింది. అందుకని నానమ్మ తన ఇల్లు తను పట్టుకుని పోతోంది. నాన్న తమ ఇంటి పక్కనే చోటు చూసి, పునాదికి పగడపు రాళ్ళు పేర్చి సిద్ధం చేశాడు. వడ్రంగి ఎవర్టన్ తాత తెల్లారినప్పటి నుంచీ చెక్కలు ఊడదీస్తున్నాడు. ఊడదీసిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో ఏదో గీకుతున్నాడు.

“తాతా, హౌస్ అంటే మీ ఉద్దేశంలో ఏంటి?”

తాత పెదాల మధ్య పట్టుకున్న మేకులు చేతిలోకి తీసుకున్నాడు. “నన్నడిగితే, విప్పి మళ్ళీ నిలబెట్టగలిగితేనే అది హౌస్. విప్పడం ఎవడైనా విప్పుతాడు. నిలబెట్టడంలోనే ఉంది కిటుకు. ఇదుగో, ఈ గీతలు చూశావా, ఇవెందుకంటే...”

“పన్నెండు!” అంది కెజయా. అప్పటికే వెనక్కి తిరిగింది.

నానమ్మ చెట్టు నీడలో కుర్చీ వేసుకుని, గోడగడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన ఇల్లు ఒక్కో చెక్కా ఊడుతుంటే చూస్తోంది.

“నానమ్మా, నీకు హౌస్ అంటే?”

“నాకా?” నానమ్మ గడియారం అద్దం మీది దుమ్ము తుడిచింది. “మీ తాత నన్ను తీసుకొచ్చిన రోజు ఈ ఇంటికి కిటికీలే లేవు. గోనెపట్టా కట్టాడు. ఇంతలో పెద్ద గాలి లేచి...”

“అబ్బా, అది కథ నానమ్మా! నాకు అర్థం కావాలి.”

“సర్లే, వెళ్ళు. ఏదో బస్సు తప్పిపోతున్నట్టే ఉంది నీ తొందర” అని నానమ్మ నవ్వింది. కానీ చూపు మళ్ళీ ఇంటి మీదికే పోయింది.

మధ్యాహ్నానికి చెక్కలన్నీ కొత్త చోటికి చేరాయి. మొత్తం నలభై ఆరు. పెద్దవాళ్ళంతా పెరట్లో భోజనానికి కూర్చున్నారు. శనివారం కదా, ప్రతి వారం లాగే చిలగడదుంప పుడ్డింగూ, నిమ్మరసంలో ఊరిన పంది మాంసం సౌసూ ఘుమఘుమలాడుతున్నాయి. కెజయా గబగబా తినేసి చెక్కల దగ్గరికి వచ్చింది.

ఎదురుగా రషాన్ గేటు మీద ఊగుతున్నాడు.

“ఏయ్ కెజయా! మీ నానమ్మ ఇంటి మీద ఆ కోడిగీతలేంటి? ఎవరికి చేతిరాత నేర్పిస్తున్నారు?”

కెజయాకి చెవులు వేడెక్కాయి. నానమ్మ ఇల్లంటే అద్దంలా ఉండాలి. ప్రతి క్రిస్మస్‌కీ నానమ్మ స్వయంగా రంగు వేసుకుంటుంది. అలాంటి ఇంటిని చూసి వీడు నవ్వడమా! బకెట్టులో నీళ్ళు తెచ్చింది. పాత గుడ్డ ముంచి, ఒక్కో చెక్కా తుడవడం మొదలుపెట్టింది. భుజాలు లాగేస్తున్నా ఆపలేదు. చివరి చెక్క కూడా తళతళలాడాక నడుం మీద చేతులు వేసుకుని రషాన్ వైపు చూసింది.

అప్పుడే ఎవర్టన్ తాత వచ్చాడు. చెక్కల వైపు చూశాడు. ఒకటి తిరగేశాడు, ఇంకోటి తిరగేశాడు. నెమ్మదిగా టోపీ తీశాడు.

“నా గుర్తులేవి?”

“ఏ గుర్తులు తాతా?”

“సుద్ద గుర్తులు. ఏ చెక్క ఏ గోడదో, పైనుంచి ఎన్నోదో అన్నీ రాసుకున్నానే! ఈ ఇంటి వయసు యాభై ఏళ్ళు. ఏ చెక్క మేకు కన్నాలు ఆ చోటికే కుదురుతాయి. ఒకటి తారుమారైందంటే సందులొస్తాయి. వానంతా లోపలే.”

కెజయా ఆకాశం వైపు చూసింది. తూర్పున సముద్రం మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. నానమ్మ మంచం, పరుపు, బట్టల పెట్టె అన్నీ ఆరుబయటే ఉన్నాయి. గేటు మీద రషాన్ ఊగడం ఆపేశాడు.

“నేనే తుడిచేశాను” అంది కెజయా.

“తాత పొద్దున నీకు చెప్పలేదా?” అన్నాడు తాత వెనకే వచ్చిన నాన్న.

“చెప్పబోయారు. నేనే వినలేదు.” ఆ మాటతోనే ఏడుపొచ్చేసింది. “నానమ్మకి ఇల్లు లేకుండా చేశాను!”

నానమ్మ కోప్పడలేదు. గడియారాన్ని నాన్న చేతికిచ్చి చెక్కల దగ్గరికి వచ్చింది. ఒకదాని మీద అరచేయి వేసి నిమిరింది.

“ఇది వెనక గోడది, ఎవర్టన్. నా కుట్టుమిషను చక్రం రాసుకుని గాడి పడింది చూడు.”

“ఎంత ఎత్తులో?”

“నడుమెత్తు. ఇదేమో దాని పైది. ఈ సొట్ట వీళ్ళ నాన్న క్రికెట్ బంతితో పెట్టాడు. ఆ రోజు ఏమైందంటే...”

‘అది కథ’ అన్న మాట కెజయా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది. నానమ్మ ఆ రోజేమైందో చెప్పింది. బంతి పడింది తలుపు పక్కన అని ఆ కథ చివర్లో గాని తెలియలేదు.

“వెనక గోడ, తలుపు పక్క, పైనుంచి ఐదు. రాయి!” అని తాత సుద్దముక్క కెజయా చేతిలో పెట్టాడు.

కెజయా రాసింది. దీపం పొగ అంటిన చెక్క, గాలివానకి చీలితే కెజయా సొంత తాత అతుకు వేసిన చెక్క, నాన్న ఎత్తు కొలిచిన గీతలున్న చెక్క. ఒక్కోదానికీ ఒక్కో కథ. గుర్తు పడిన చెక్కని పడినట్టే ఎవర్టన్ తాతా, నాన్నా గోడకి బిగిస్తున్నారు. ఎప్పుడు వచ్చాడో గాని రషాన్ చెక్కలకి రెండో కొస పట్టుకుంటున్నాడు. ఈసారి కోడిగీతలు అనలేదు.

చివరికి ఒక్క చెక్క మిగిలింది. దాని మధ్యలో చిన్న కన్నం. నానమ్మ ఎంత చూసినా గుర్తు రాలేదు. మబ్బు నెత్తిమీదికి వచ్చేసింది.

కెజయా వంగి ఆ కన్నంలోంచి చూసింది. ఒక్కసారిగా లేచి నిలబడింది.

“ఇది నాకు తెలుసు! సెలవుల్లో నీ పక్కన పడుకున్నప్పుడు పొద్దున్నే ఇందులోంచే నా కళ్ళల్లో ఎండ పడేది. మంచం వైపు, తూర్పు గోడ!”

కెజయా దాని మీదా గుర్తు రాసింది. తాత చెక్క ఎత్తి పెట్టాడు. మేకులు పాత కన్నాల్లోకి ఇట్టే దిగాయి.

ఆఖరి రేకు బిగిస్తుండగా టపటపా చినుకులు మొదలయ్యాయి. అందరూ లోపలికి పరుగెత్తి తలలెత్తి చూశారు. ఒక్క చుక్క కారలేదు. నానమ్మ గడియారాన్ని దాని మేకుకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, కళ్ళు తుడుచుకుంది.

“తాతా, మీరు పొద్దున గీతల గురించి ఏదో చెప్పబోయారు” అంది కెజయా చిన్నగా.

“ఇంకేం చెప్పను? నలభై ఆరూ నీ చేత్తోనే రాశావుగా!” అని తాత పెద్దగా నవ్వాడు.

రషాన్ తల తుడుచుకుంటూ అడిగాడు. “నాకు పద్దెనిమిది అయ్యాయి. నీకెన్ని?”

“పన్నెండు” అంది కెజయా. నోట్‌బుక్ తీసి కిటికీలో పెట్టేసింది. వెళ్ళి నానమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

“నానమ్మా, పొద్దున చెప్తున్నావు కదా. కిటికీలకి మా తాత గోనెపట్టా కట్టాడని, పెద్ద గాలి లేచిందని. ఆ తర్వాత?”

“నీకు అర్థం కదే కావాల్సింది? అది కథ!”

“చెప్పు నానమ్మా.”

రషాన్ కూడా పక్కకి జరిగి కూర్చున్నాడు. రేకుల మీద వాన జోరందుకుంది. నానమ్మ గొంతు కాస్త పెంచి, మొదటి నుంచి మొదలుపెట్టింది. కెజయా మధ్యలో అడ్డు రాకుండా ఊ కొడుతూ కూర్చుంది.